బండి మనది, భాష ఎవరిది?

వరంగల్లు నగరమున మోటారు మరమ్మతులు చేయు ఒక షెడ్డులో ఈ మధ్య మేము చూచిన దృశ్యముతో ఈ వారపు ప్రస్తావన నారంభింతుము. జర్మను సంస్థవారి గుర్తు గల కారొకటి అచ్చట నిలిచియున్నది. స్టీరింగు క్రిందనున్న పదునారు పిన్నుల సాకెట్టునకు తీగ తగిలించి, దాని రెండవ కొనను లాప్‌టాపునకు చేర్చి, ఇరువది యేండ్లు దాటని మెకానిక్కొకడు తెరపై వరుసగా వచ్చుచున్న మాటలను చూచుచుండెను. ఆ మాటలు తెలుగు కావు, ఆంగ్లమును కావు; జర్మను. ఒక్కొక్క మాటను ఫోనులోని కెక్కించి అర్థము వెదకుచు, ఒకచోట నాగి పకపక నవ్వెను. "ఈ బండి కన్నీళ్ళు గూడ తుడుస్తదంట సార్!" అని మాకు చూపెను.

ఆ మాట 'ట్రేనెన్‌విషెన్'. ట్రేనెన్ అనగా కన్నీరు; విషెన్ అనగా తుడుచుట. ఫోను చెప్పిన అర్థము తప్పు కాదు. కాని ఆ అర్థమువలన పని తెలియలేదు. ముందరి అద్దముపై నీరు చిమ్మి వైపరు తుడిచిన పిమ్మట, మిగిలిన బొట్లు కొన్ని క్షణములకు చారలు కట్టి క్రిందికి జారును. వానిని తుడుచుటకై వైపరు మరియొక మారు తిరుగును. ఆ కడపటి తుడుపునకు జర్మను ఇంజనీర్లు పెట్టుకొన్న ముద్దుపేరే ఇది.

మేమును నవ్వితిమి. కాని ఆ నవ్వు ఇల్లు చేరువరకు నిలువలేదు. లక్షలు పోసి కొన్న యజమానికి తన బండిలో నేమున్నదో తెలియదు. దానిని బాగుచేసి పొట్టపోసికొనువానికి దానిలోని మాట తెలియదు. ఇల్లు మనది, తాళపుచెవి పరులది యన్నట్లున్నది. ఇది నవ్వి విడిచిపెట్టదగిన సంగతి యేనా?

విషయ మెఱుగని పాఠకులకొఱకు కొంత వివరింపవలసియున్నది. నేటి కారు కేవలము ఇనుము, రబ్బరు, పెట్రోలు కాదు. ఇంజనున కొకటి, బ్రేకుల కొకటి, దీపముల కొకటి, తలుపుల కొకటి చొప్పున చిన్న చిన్న కంప్యూటర్లు అందు పదులకొలది యుండును. అవి తీగలపై ఒకదానితో నొకటి మాటలాడుకొనును. వాని లోపములను కనిపెట్టుటకై యేర్పడినదే ఆ పదునారు పిన్నుల సాకెట్టు. అమెరికాలో 1996 సంవత్సరపు కార్లనుండి అది ఒకే తీరున ఉండవలెనని విధించిరి. పిమ్మట ఐరోపాయు, మన దేశమును ఆ దారి పట్టినవి. ఇంజను వదలు విషవాయువులపై నిఘా పెట్టుట దాని తొలి ప్రయోజనము. కాని ఆ ద్వారముననే లోనికి పోయి చూచినచో, బయట ఏ మీటయు లేని అమరికలు వందలకొలది కనబడును. కొన్ని తెరచియుండును, కొన్ని మూసియుండును. వానిని మార్చుటనే మెకానిక్కులు కోడింగు అందురు.

ఈ అమరికలు దాగియుండుటకు కారణము మంత్రము కాదు, వ్యాపారము. ఒకే తీరు కంప్యూటరును లక్షలకొలది చేసి పలు దేశముల బండ్లకు, పలు ధరల బండ్లకు బిగించుట కంపెనీకి చౌక. ఏ దేశమున ఏ చట్టమున్నదో, ఏ బండికి ఏ ధర కట్టిరో, దానినిబట్టి కొన్ని పనులను తెరచి, కొన్నిటిని మూసి పంపుదురు. బి.ఎం.డబ్ల్యు. వారి బండ్లలో మూసినదానికి 'నిఖ్ట్ ఆక్టివ్' అనియు, తెరచినదానికి 'ఆక్టివ్' అనియు వ్రాసియుండును. ఫోక్స్‌వాగన్ కుటుంబపు బండ్లు కొన్నిటిలో 'రేగెన్‌ష్లీసెన్' అను నొక అమరిక యున్నది. రేగెన్ వాన, ష్లీసెన్ మూయుట. బండి నిలిపియుంచినపుడు వాన పడినచో, అద్దముపై వానను గుర్తించు పరికరమున్న బండి తన కిటికీలను తానే మూసికొనును. జ్యేష్ఠమాసపు సాయంకాలమున ఉన్నట్టుండి గాలివాన దిగు మన ఊరిలో ఇది ఎంత అక్కరకు వచ్చునో వేరుగ చెప్పనేల? 'కొంఫోర్ట్‌బ్లింకెన్' అను మరియొక అమరికవలన, మలుపు సూచించు మీటను ఒకమారు తాకిననే దీపము మూడు మారులు వెలిగి యారును. ఆ మూటిని నాలుగుగనో ఐదుగనో చేసికొనవచ్చును. ఇవి విలాసములని త్రోసివేయుదురు గాక. కాని కొన్న వస్తువులోని పని కొన్నవానికి తెలియకుండుట విలాసము కాదు, లోటు.

ఈ మూతవేయుట ఎంతదూరము పోవునో ఇటీవలి చరిత్రయే చూపినది. సీట్లను వెచ్చజేయు తీగలను ముందే బిగించి బండిని అమ్మి, ఆ వెచ్చదనమునకు నెలసరి చందా గట్టుమని బి.ఎం.డబ్ల్యు. వారు 2022లో కొన్ని దేశములందు అడుగగా జనులు గగ్గోలుపడిరి. 2023లో ఆ సంస్థయే ఆ ఆలోచనను మానుకొన్నది. రోహిణీకార్తెలో రోళ్ళు పగులు ఓరుగల్లునకు సీటు వెచ్చదనముతో పనిలేదు. కాని అందలి నీతితో మనకు పనియున్నది. సొమ్ము చెల్లించి తెచ్చుకొన్న వస్తువులో ఏది మనది, ఏది మనది కాదు అని నిర్ణయించువా డెవడు? లోపలి మాట చదువనేర్చినవాడే. చదువలేనివానికి చందా యడిగినను తెలియదు, అడుగకున్నను తెలియదు.

ఆంగ్లము తెలిసినవారు ఈ సంగతిని ముందే గ్రహించిరి. అమెరికాలోని రాస్-టెక్ సంస్థవారు ఫోక్స్‌వాగన్ బండ్లను పరీక్షించుటకు వి.సి.డి.యస్. అను ఉపకరణమును చేసి, జర్మను అమరికలకు ఆంగ్ల వివరణములను కూర్చిరి. బి.ఎం.డబ్ల్యు. బండ్ల జర్మను పదములను పలు దేశముల ఔత్సాహికులు తీరిక వేళల కూర్చుండి, ఒక్కొక్క మాటయే తేల్చుచు పట్టికలు కట్టిరి. వారికి కూలి యిచ్చినవాడు లేడు. తమ బండిని తాము తెలిసికొనవలెనను పట్టుదలయే వారిచేత ఆ పని చేయించినది. ఆ షెడ్డులోని పిల్లవాని చేతికి మాత్రము అట్టి తెలుగు పట్టిక యేదియు అందలేదు.

పరభాషలోని కాగితము ముందు దిక్కుతోచక నిలుచుట ఈ గడ్డకు క్రొత్త కాదు. నిజాము ఏలుబడిలో పాలన ఉర్దూలో జరుగుచుండగా, తెలుగు రైతు తన భూమి కాగితమును తాను చదువుకొనలేక, చదివి చెప్పువాని దయకొఱకు చావడి అరుగున కూర్చుండెను. దోషము ఉర్దూది కాదు. అది తీయని భాష. చదువురానివాని బ్రతుకు చదువువచ్చినవాని చేతిలో నుండుటయే దోషము. ఆ స్థితిని మాన్పుటకై మన పెద్దలు మొదట కట్టినవి కోటలు కావు, పఠనమందిరములు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయము 1904లో వెలసినది. దానికి మూడేండ్లు ముందు హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పుటలో పాటుపడిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రములు తెలుగులో ఇమడవను వారి నోరు మూయించు గ్రంథములను ప్రకటింపజేసిరి. నాటి రైతుయొక్క పట్టా కాగితమున కును, నేటి మెకానిక్కు ఎదుటనున్న తెరకును మాకు గొప్ప భేదము కనబడుట లేదు.

మన షెడ్లలోని పనివారికి ఇది అందని చదువనువారు ఒక సంగతి గమనింపవలెను. ఏ ఆటో ఎలక్ట్రీషియను దుకాణమునకైనను పోయి ఒక రిలే నడుగుడు. దాని కాళ్ళయొద్ద 30, 85, 86, 87 అను అంకెలుండును. బడి మొగము చూడని పనివాడును 30 బ్యాటరీనుండి వచ్చుననియు, 85, 86 లోపలి చుట్టవనియు, 87 దీపమునకో హారనునకో పోవుననియు కన్నులు మూసికొని చెప్పగలడు. ఆ అంకెలెక్కడివి? 'క్లెమ్మె' అను పేర తీగలు కలియు చోట్లకు జర్మనులు ఏర్పరచుకొన్న డి.ఐ.యన్. 72552 అను ప్రమాణములోనివి. మన పనివాడు జర్మనుల బండిబాషలో సగము ఎన్నడో నేర్చినాడు. నేర్చితినని వానికి తెలియదు. అంకెలను నేర్చినవాడు మాటలను నేర్వలేడా? నేర్పువాడు లేకపోవుటయే కొఱత.

ఇంకొక విచిత్రము. ఈ బండ్లన్నియు ఓడలమీద వచ్చినవి కావు. పూనా సమీపమున చాకన్ వద్ద ఫోక్స్‌వాగన్ కర్మాగారము 2009లో ప్రారంభమైనది. అచ్చట బండిని కూర్చు చేతులు మన దేశపువారివి. దానిని నడుపు దారులు మనవి. నింపు పెట్రోలు మన డబ్బుతో కొన్నది. లోపలి మాట మాత్రము మనది కాదు. వస్తువు స్వదేశమున తయారైనంత మాత్రమున స్వదేశి యగునా? దానిని విప్పి, తెలిసికొని, తిరిగి బిగింపగలుగుటయే స్వదేశి యని మా యభిప్రాయము.

కంపెనీలవారు ఇందుకు చెప్పు మాట యొకటున్నది: తెలియనివారు ముట్టినచో ప్రమాదము, కావున మా షెడ్లకే రండు అని. ఇందు సత్యము కొంత, స్వార్థము కొంత కలదు. స్వార్థపు పాలెంతయో 2014 ఆగస్టులో తేలినది. విడిభాగములను, డయాగ్నాస్టిక్ ఉపకరణములను, మరమ్మతు వివరములను బయటి మెకానిక్కులకు దొరకనీయక విపణిని బిగబట్టిరని కాంపిటీషను కమీషను ఆఫ్ ఇండియావారు 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించిరి. ఫోక్స్‌వాగన్, బి.ఎం.డబ్ల్యు., మెర్సిడెస్, స్కోడా ఆ జాబితాలోనివే. మన దేశపు కంపెనీలును అందున్నవి. వ్యాజ్యము పై న్యాయస్థానములకెక్కినది. అమెరికాలో 2015 అక్టోబరున, బండిని బాగుచేసికొనుటకును న్యాయసమ్మతముగ మార్చుకొనుటకును అందలి సాఫ్టువేరును తెరచుట నేరము కాదని మినహాయింపు నిచ్చిరి. మన కేంద్రప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కును గూర్చి సంఘము నేర్పరచి, ఆ యేటి డిసెంబరులో ఒక వేదికను తెరచెను. హక్కు కాగితముమీదికి వచ్చుచున్నది. కాని చదువలేనివానికి హక్కు వచ్చిన నేమి, రాకున్న నేమి?

వర్తకమున నియమము బహిరంగముగ నుండవలెనను బుద్ధి మనకు పరులు నేర్పినది కాదు. ఓరుగల్లు నేలిన గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవున శాసనము వేయించెను. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు లాగుకొను ఆచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు గొనమని అభయమిచ్చి, ఏ సరకునకు ఎంతయో సంస్కృతాంధ్రములలో రాతిపై చెక్కించెను. రేవు దిగిన వర్తకుడు సుంకరి ముఖము చూడనక్కర లేదు. రాయి చూచిన చాలును. ఏడువందల ఎనుబది యేండ్ల క్రింద రాతిమీద సాధ్యమైనది నేడు తెరమీద సాధ్యము కాదా?

ఇంతవరకు హక్కును గూర్చి చెప్పితిమి. ఇక బాధ్యతను గూర్చి చెప్పకున్న మా ధర్మము నెరవేరదు. మక్కికి మక్కిగ చేసిన అనువాదము నవ్వుపుట్టించుట యొక్కటే కాదు, ప్రాణముమీదికి తెచ్చును. 'లింక్స్' అనగా ఎడమ. 'లింక్స్‌ఫెర్కేర్' అనగా ఎడమవైపున నడచు రాకపోకలు. అది మన దేశపు పద్ధతి. 'లింక్స్‌లెంకర్' అనగా స్టీరింగు ఎడమవైపునున్న బండి. అది మనది కాదు. మనది 'రెఖ్ట్స్‌లెంకర్', కుడి స్టీరింగు బండి. ఒకే 'ఎడమ' ఒకచోట మనది, ఒకచోట పరులది. ముందరి దీపముల వెలుగు ఏ వైపునకు ఎక్కువ ప్రసరింపవలెనో కొన్ని బండ్లలో ఈ అమరికయే నిర్ణయించును. సగము మాట చూచి మార్చినచో, బాట అంచున పడవలసిన వెలుగు ఎదుటి బండివాని కన్నులలో పడును. అర్ధరాత్రి హైదరాబాదు దారిలో ఎదురుగ వచ్చు లారీ డ్రైవరు కన్ను చెదరినచో ఆ తప్పునకు ఫోనులోని అనువాదము జవాబు చెప్పునా?

మరియొకటి కలదు. 'గుర్ట్‌వార్నుంగ్' అనగా సీటుబెల్టు హెచ్చరిక. మన దేశమున 2019 జూలై 1 నుండి తయారగు కార్లలో ఈ హెచ్చరికయు, 80 కిలోమీటర్ల వేగము దాటగనే విడివిడిగను, 120 దాటగనే ఎడతెగకను మ్రోగు హెచ్చరికయు విధిగా నుండవలెనని నియమించిరి. కోడింగు నేర్చిన యువకులను ఎక్కువమంది యడుగు కోరిక ఈ మ్రోతను ఆపుమనియే యని షెడ్డువారు మాతో ననిరి. మ్రోత ఆపుట సులభము. మీట యొకటి మార్చిన చాలును. కాని ఆ మ్రోత పొరుగింటివాని కూత కాదు, మన బిడ్డల ప్రాణమునకు కాపలా. మోటారు వాహనముల చట్టము, 1988, 52వ విభాగము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు విరుద్ధముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. చట్టము పట్టుకొనకున్నను బుద్ధి పట్టుకొనవలెను. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, స్టీరింగు, సీటుబెల్టు, వేగపు హెచ్చరిక — వీని జోలికి పోవుట స్వాతంత్ర్యము కాదు, ఆత్మహత్య. దాగినదంతయు దోచదగినదని తలచువాడు ఈ విద్యకు అర్హుడు కాడు.

అర్థము తెలిసిన పిమ్మటను పరీక్ష యవసరమని చెప్పుటకు ఫోక్స్‌వాగన్ చరిత్రయే చాలును. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఆ కంపెనీ మోసమును బయటపెట్టెను. ప్రయోగశాలలో పరీక్ష జరుగుచున్నదని కంప్యూటరు గ్రహించినపుడు డీజిలు ఇంజను సాధువువలె శుద్ధమైన గాలి విడుచును. బాట యెక్కినదో, మితికి ఎన్నో రెట్లు విషవాయువులు క్రక్కును. ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షల బండ్లలో ఆ మాయ యున్నది. మన దేశమున 3,23,700 బండ్లను సరిచేయుటకై వెనుకకు పిలిచిరి. ఆ మాయను సాఫ్టువేరులో నెక్కడ దాచిరో వెదకిన పరిశోధకులు, 2017లో ప్రకటించిన వ్యాసమున, ఆ మీటకు పెట్టిన పేరును చెప్పిరి. అది విషవాయువుల పేరు కాదు. 'శబ్దమునకు సంబంధించిన షరతు' అని. నిఘంటువు చూచి అనువదించినవానికి అది ఇంజను మ్రోతకు సంబంధించిన అమాయకపు అమరికవలె తోచును. పేరు అబద్ధమాడినది. పేరును నమ్మక పనిని పరీక్షించినవారే నిజమును పట్టిరి. కావున మాటను చదువుట మొదటి మెట్టు. పనిని చూచుట రెండవది. రెండును లేని యనువాదము గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు దారి చూపుటయే.

ఇవి ధనవంతుల ఆటబొమ్మలు, వీనికై ఇంత వ్రాతయేల యని కొందరందురు. ధనవంతుడు అయిదారేండ్లు నడపి అమ్మిన బండి పిమ్మట ఎవరి చేతికి వచ్చుచున్నదో వారు చూడవలెను. చిన్న ఉద్యోగి కొనును. టాక్సీ నడుపుకొనువాడు కొనును. అప్పటికి కంపెనీవారి పూచీ గడువు తీరును. ఖరీదైన వారి షెడ్డునకు పోవు శక్తి కొన్నవానికి లేదు. బండి మన మెకానిక్కుయొద్దకే వచ్చును. తెరపై వచ్చిన మాట చదువలేక అతడు మంచి భాగమును తీసి పారవేసినచో నష్టమెవరిది? బీదవానిదే. బ్రతుకుతెరువు పోవునదెవరిది? ఆ మెకానిక్కుదే.

ఇందుకు మార్గమేమి? మహానిధులు అక్కరలేదు. మన ఊరిలో 1959లో జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేయగా రీజనలు ఇంజనీరింగు కళాశాలగ పుట్టి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగ మారిన మహావిద్యాలయమున్నది. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్కులున్నవి. జర్మను నేర్చి విదేశములకు పోవజూచు యువకులున్నారు. షెడ్లలో చేతి యనుభవము గల మేస్త్రీలున్నారు. పఠనమందిరములున్నవి. ఒకరి కొకరు తెలియకుండుటయే లోటు. ఆదివారమున కొకమారు వీరు ఒక గదిలో కూర్చుండి, తరచుగ వచ్చు రెండువందల మాటలకు ఒక పట్టిక వేయవలెనని మేము కోరుచున్నాము. పట్టికలో నాలుగు గడులుండవలెను: జర్మను మాట తెలుగు లిపిలో, దాని మాటకు మాట యర్థము, ఆ అమరిక నిజముగ చేయు పని, ఏ బండిపై పరీక్షించి చూచిరో. ముట్టరానివాని ప్రక్కన ఎఱ్ఱగీత గీయవలెను. పేరు పెట్టుటలో పండితులకై వెదకులాడవలదు. సంస్కృత సమాసముతో నోరు తిరుగని మాటను కల్పించుటకంటె, మేస్త్రీ నోటనున్న మాటయే మేలు. 'కడ తుడుపు' అన్నచో కన్నీటి కథ యంతయు తీరిపోవును.

పట్టికకు ముందు మూడు నియమములు అచ్చువేయవలెను. మార్చుటకు ముందు పాత అమరికను యథాతథముగ వ్రాసియుంచవలెను. ఒకమారు ఒకదానినే మార్చి, పనిని చూచి, పిమ్మటనే రెండవదానికి పోవలెను. బ్యాటరీ బలహీనముగ నున్నపుడు ఏదియు ముట్టరాదు. వ్రాత నడుమ తెగినచో కంప్యూటరే పాడగును. ఈ పట్టికను ఎవరును దాచుకొనరాదు, అమ్ముకొనరాదు. కంపెనీ దాచెనని నిందించి, తాను నేర్చినదానిని పొరుగు షెడ్డువానికి చెప్పక దాచుకొనువానిని ఏమనవలెను?

జర్మను భాషపై మాకు ద్వేషము లేదు; ఋణమే యున్నది. మన తెలుగు తొలిసారి అచ్చుపుస్తకమైనది చెన్నపట్టణమున కాదు, జర్మనీలోని హాలె పట్టణమున, 1746 ప్రాంతమున. చెన్నపట్టణమున నివసించి మన భాషను నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు ఆ పని చేసెను. అతని యుద్దేశము మతప్రచారమే కావచ్చును. కాని పరుని మనసు చేరవలెనన్న పరుని భాష నేర్వవలెనను సత్యమును అతడు గ్రహించి, సముద్రములు దాటి వచ్చి, మన అక్షరములను దిద్దెను. మన వాకిట నిలిచియున్న బండిలోని రెండువందల మాటలు నేర్చుటకు మనము ఏ సముద్రమును దాటనక్కర లేదు.

ఆ షెడ్డులోని పిల్లవాడు నవ్వుచునే యున్నాడు. కాని అర్థము కాని ప్రతి మాటయొద్దను అతని వ్రేలు ఆగుచున్నది. ఆ వ్రేలు ఆగకుండ ముందునకు సాగునట్లు చేయుట మన ఊరి చదువుకొన్నవారి విధి. అద్దముపై కన్నీరు తుడుచుట బండి చూచుకొనును. తక్కినది మనము చూచుకొనవలెను.